ఏడో సీటులో మిగిలిన లైను

ఫిబ్రవరి 3

ఏకులా వచ్చి మేకులా దిగబడటమంటే ఏమిటో ఇవాళ కళ్ళారా చూశాను. చూడటమే కాదు, లేచి నిలబడి చప్పట్లు కూడా కొట్టాను. అందరూ కొడుతుంటే నేనొక్కణ్ణీ చేతులు కట్టుకు కూర్చుంటే బాగుండదు కదా.

ఆ మేకుని ఆఫీసులో అందరూ మాస్టారు అంటారు. లెక్కల మాస్టారుగా చేసి రిటైరై, మూడు నెలల కిందట కాంట్రాక్టు మీద మా దగ్గర చేరాడు. ఆయన చెల్లెలికి వినపడదట, మా సర్వీసే వాడుతుందట, తనవంతు ఏదైనా చెయ్యాలనిపించిందట. చేశాడు. అరవై రెండేళ్ళ వయసులో లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో స్క్రిప్టులు రాయడం నేర్చుకుని, ఎనిమిదేళ్ళ నా పనిని ఒక్క మధ్యాహ్నంలో పక్కకి నెట్టేశాడు.

ఎవరూ చదవని ఈ పుస్తకంలోనైనా నా కేసు నేను వాదించుకోవాలి. వినపడనివాళ్ళు మా ఆఫీసు ద్వారా ఫోన్ చేసుకుంటారు. అవతలివాళ్ళు మాట్లాడేది మా ఆపరేటర్లు హెడ్‌సెట్‌లో విని టైప్ చేస్తారు, ఫోన్ చేసినవాళ్ళు తమ తెర మీద చదువుకుంటారు. మొత్తం పన్నెండు సీట్లు. ఒక్కో తెర మీద నాలుగు విండోలు: కాల్స్ జాబితా, టైపింగ్, నోట్సు, మధ్యలో ఇన్‌ఛార్జి మేడమ్ పంపే సందేశాలు. ఏ విండో ఎక్కడ కూర్చోవాలి, ఏది పైకి రావాలి, కొట్టిన అక్షరాలు ఎందులో పడాలి అన్నది విండో మేనేజర్ అనే ప్రోగ్రాము చూస్తుంది. కానీ దానికి మా ఆఫీసు పద్ధతులు తెలియవు. తెలిసేలా దానికి తగిలించిన చిన్న ప్రోగ్రాము, అంటే యాడ్-ఆన్, నాది. పేరు 'సర్దుబాటు'. రెండువేల మూడువందల లైన్లు, ఒక్కో లైను వెనక ఒక్కో ఆపరేటరు పెట్టిన పేచీ ఉంది.

మాస్టారు రాసిన దాని పేరు 'కుదురు'. నూట నలభై లైన్లు. ఇవాళ మీటింగులో ఆ అంకె చదివినప్పుడు మేడమ్ నా వైపు చూసింది.

చప్పట్లు అందరికంటే ముందు ఏడో సీటు దగ్గర మొదలయ్యాయి. అక్కడ కూర్చునేది మా ఆవిడ.

ఫిబ్రవరి 4

మాస్టారు ఇవాళ ఏడో సీటులో నా సర్దుబాటుని ఆపి, తన కుదురుని పరీక్షకి పెట్టాడు. పన్నెండు సీట్లుండగా అదే ఎందుకట? "అమ్మాయి చెయ్యి అందరికంటే వేగం కదండీ" అన్నాడు. అమ్మాయట! నలభై మూడేళ్ళ మనిషిని.

ఇంటికొచ్చాక ఆవిడే ఎత్తుకుంది.

"ఇవాళ విండో ఒక్కసారి కూడా ఎగరలేదండీ. హాయిగా కళ్ళు మూసుకుని టైప్ చేసుకున్నా."

"నా దాంట్లో ఎగిరేదా?"

"మేడమ్ సందేశం వచ్చినప్పుడల్లా ఎగిరేది. అందుకే ఒక కన్ను తెర మీద పెట్టుకునేదాన్ని. మీకు చెబుదామంటే భయం."

"నేనేమన్నా పులినా, భయపడటానికి?"

"పులైతే ఒకసారి గాండ్రించి ఊరుకుంటుంది. మీరు వారం రోజులు మాట్లాడరు."

వారం అనేది పచ్చి అబద్ధం. నాలుగు రోజులకి మించి ఎప్పుడూ లేదు.

అయినా అది ఎగరడం కాదు. సందేశం వస్తే ఆ విండోని ముందుకి లాగి, అక్షరాలు కూడా అందులోకే వెళ్ళేలా చేశాను. చదివి బదులిస్తేగానీ కదలకూడదని. అప్పట్లో మేడమే అడిగింది. ఇప్పుడు ఆ మాట మేడమ్‌కి గుర్తుండదు. మాస్టారిది టైపింగ్ విండోని వదలదు. ఏదైనా వచ్చి అక్షరాల్ని లాక్కుపోతే, రెండు సెకన్లకోసారి చూసుకుని వెనక్కి తెచ్చుకుంటుంది. అంతకు మించి అందులో విద్యేమీ లేదు.

ఫిబ్రవరి 6

మేడమ్ ఆర్డరు: కుదురుని పన్నెండు సీట్లలోనూ పెట్టాలి, సర్దుబాటుని తీసెయ్యాలి. రెండు పనులూ నేనే చెయ్యాలి. ఉరి తీసేవాడికి తాడు కూడా మనమే పేని ఇవ్వాలన్నమాట.

పన్నెండింటిలోనూ తీసేశాను. 'పూర్తయింది' అని మేడమ్‌కి మెసేజ్ పెట్టాను.

ఫిబ్రవరి 7

పదకొండింటిలో.

ఏడో సీటులో ఒక్క లైను ఉంచాను. కంప్యూటరు తెరవగానే సర్దుబాటుని పిలిచే లైను. ఉంచానంటే, తీయబోయి తీయలేదు. సర్దుబాటు మొదటి వెర్షను రాసింది ఆ సీటు కోసమే. ఆవిడది ఎడమచేతి వాటం, అందరికీ కుడివైపుండే నోట్సు విండో ఆవిడకి ఎడమవైపు కావాలి. పెళ్ళైన కొత్తలో ఒక ఆదివారమంతా కూర్చుని రాశాను. లోకంలో ఎక్కడా లేకుండా పోవడం కంటే అక్కడ ఒక మూల పడి ఉంటే ఎవరికి నష్టం?

పోనీ సోమవారం తీసేస్తాను.

ఫిబ్రవరి 10

సోమవారం. పనెక్కువ.

ఫిబ్రవరి 12

ఏడో సీటు మీద ఫిర్యాదు వచ్చింది. ఒక పెద్దావిడ తన డాక్టరుకి ఫోన్ చేసింది. డాక్టరు చెప్పింది: "మాత్ర ఈ రోజు వేసుకోకండి, రేపు వేసుకోండి." ఆ పెద్దావిడకి తెర మీద కనిపించింది: "మాత్ర ఈ రోజు వేసుకోండి." మధ్యలో రెండు మాటలు ఎగిరిపోయాయి. ఆవిడ వేసుకుంది. కళ్ళు తిరిగి పడిపోయిందట. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు.

మేడమ్ మా ఆవిణ్ణి గదిలోకి పిలిచి అరగంట మాట్లాడింది. బయటికొచ్చాక మా ఆవిడ నేరుగా సీటుకెళ్ళి హెడ్‌సెట్ పెట్టుకుంది.

నాకు మొదట ఏమనిపించిందో నిజం రాసుకుంటాను. కుదురు తుస్సుమందని సంతోషం వేసింది. క్యాంటీన్‌లో రెండో కప్పు టీ కూడా తాగాను.

ఫిబ్రవరి 13

మళ్ళీ రెండుచోట్ల మాటలు పోయాయి, ఏడో సీటులోనే. మాస్టారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని తన నూట నలభై లైన్లూ వేలు పెట్టి చదువుతున్నాడు, చిన్నపిల్లలు వాచకం చదివినట్టు. భోజనానికి కూడా లేవలేదు.

"ఏమైనా దొరికిందాండీ?" అని అడిగాను. గొంతులో జాలి బాగానే పలికింది.

"మిగతా పదకొండు సీట్లలో బంగారంలా ఉందండీ. అక్కడొక్కచోటే ఎందుకిలా అవుతోందో అంతుపట్టడం లేదు" అన్నాడు.

ఫిబ్రవరి 14

నాకు అంతుపట్టింది.

నా బల్ల మీది కంప్యూటరులో రెండింటినీ కలిపి నడిపి చూశాను. సందేశం రాగానే సర్దుబాటు అక్షరాల్ని ఆ విండోలోకి లాగుతుంది. రెండు సెకన్లకి కుదురు వెనక్కి లాక్కుంటుంది. ఆ రెండు సెకన్లలో కొట్టినవన్నీ సందేశం విండోలో పడి, అది మూసుకోగానే దాంతోపాటే పోతాయి. ఒక ఒరలో రెండు కత్తులు. కళ్ళు తెరిచి టైప్ చేసేవాళ్ళు గమనించి ఆగుతారు. ఆవిడిప్పుడు కళ్ళు మూసుకుంటోంది. మాస్టారి స్క్రిప్టు మీద అంత నమ్మకం మరి.

అంటే తప్పు ఆ నమ్మకానిది కూడా. ఒక్క నాదే అనడానికి లేదు.

లైను తీసెయ్యడానికి పది క్షణాలు చాలు. కానీ ఇవాళ తీసేస్తే ఇవాళే ఆగిపోతుంది, మాస్టారు బాగు చేశాడంటారు. రెండు రోజులు చూద్దాం. ఆయన ఓటమి ఒప్పుకుంటే అప్పుడు తీస్తాను.

ఫిబ్రవరి 17

ఆయన ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది మా ఆవిడ.

"స్క్రిప్టులో ఏం లేదేమోనండీ" అంది పొద్దున బట్టలు ఆరేస్తూ. "నేనే మాటలు మింగేస్తున్నానేమో. కొట్టాననుకుంటాను, కొట్టనేమో."

"అదేం కాదులే" అన్నాను.

"మీకెలా తెలుసు?"

క్లిప్పులు అందించాను. వదిన ఫోన్ చేసింది, అంటే మా ఆవిడ అక్క. ఇద్దరూ చాలాసేపు వేళ్ళ తిమ్మిర్ల గురించి మాట్లాడుకున్నారు. మా ఆవిడకి తిమ్మిర్లున్న సంగతి నాకు తెలియదు. ఇంతకు ముందు లేవేమో.

ఫిబ్రవరి 19

నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నేను సెలవు పెట్టి మరీ తీసుకెళ్ళాను. భర్తగా నా బాధ్యత.

ఆయన ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటిగా వంచి చూశాడు, కళ్ళు మూసుకోమని వేలి చివరల మీద పిన్నుతో తాకాడు. "ఇక్కడా? ఇక్కడా?" అంటుంటే ఆవిడ బుద్ధిగా అవునవును అంటోంది. పరీక్షల్లో తప్పేమీ కనిపించడం లేదు, అయినా మొదట్లో కొన్ని కనిపించవు, మూడు నెలలు చూద్దామన్నాడు. ఆ 'మొదట్లో' అన్న మాట ఆవిడ దారి పొడుగునా మోసుకొచ్చింది.

బస్సులో నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. తేలు కుట్టిన దొంగలా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 20

ఇవాళ తీసేద్దామనుకున్నాను. ఆ సీటు ఖాళీగా దొరకలేదు.

ఫిబ్రవరి 21

దొరికింది.

ఫిబ్రవరి 24

కాల్స్ నుంచి తప్పించి రికార్డుల గదికి మార్చమని మా ఆవిడ ఫారం నింపి సంతకం చేసింది. తనంతట తనే. మేడమ్ ఒకటికి రెండుసార్లు అడిగిందట. "ఇంకోసారి ఎవరైనా పడిపోతే నేను తట్టుకోలేను మేడమ్" అందట. మార్చి పది నుంచి అమలు.

పదిహేనేళ్ళుగా ఆ సీటులో కూర్చుంది. ఎవరో తల్లికి కొడుకు పుట్టాడన్న మాట, ఎవరో అన్నదమ్ములు పదేళ్ళ తరవాత మాట్లాడుకున్న మాట, అన్నీ ఈవిడ వేళ్ళలోంచే వెళ్ళాయి. ఇంటికొచ్చి ఒక్క కాల్ గురించీ చెప్పదు, చెప్పకూడదు. కానీ మంచి కాల్ వచ్చిన రోజు చెప్పులు విడుస్తున్నప్పుడే నాకు తెలిసిపోయేది. రికార్డుల గదిలో అట్టపెట్టెలుంటాయి.

ఫిబ్రవరి 25

అందరూ రాకముందే వెళ్ళి లైను తీసేశాను. పది క్షణాలు కూడా పట్టలేదు.

ఫిబ్రవరి 28

అనుకున్నట్టే అయింది. మూడు రోజులుగా ఏడో సీటులో ఒక్క మాటా పోలేదు. సరిగ్గా నేను లైను తీసిన రోజే మాస్టారు తన స్క్రిప్టులో ఏదో చిన్న మార్పు చేశాడట. ఇంకేం, పట్టేశాడని ఆఫీసంతా ఒకటే పొగడ్త. మేడమ్ ఆయనకి కొత్త కుర్చీ తెప్పించింది. నా కుర్చీ ఎప్పట్నుంచో ఒక పక్కకి ఒరిగి ఉంది.

నేను చేసిన మరమ్మతుకి ఆయనకి కుర్చీ! నోరు తెరిచి 'బాగు చేసింది నేనండీ' అనడానికి లేదు, పాడు చేసిందెవరని అడుగుతారు. కక్కలేను, మింగలేను. ఇంత కడుపుమంట నా జన్మలో ఎరగను.

"చూశావా, నీ చేతుల్లో ఏం లేదు. స్క్రిప్టే" అన్నాను ఇంటికొచ్చి.

"అదొక్కటీ మాస్టారు బాగు చేశారు లెండి" అంది. "కానీ పోయిన మాటల్లో నా వల్ల ఎన్ని, దాని వల్ల ఎన్ని? నా వేళ్ళ మీద నాకు నమ్మకం పోయింది. ఫారం వెనక్కి తీసుకోను."

మార్చి 3

మాస్టారు నా బల్ల దగ్గరికొచ్చాడు. కొత్త కుర్చీ వద్దని తిప్పి పంపేశాడట.

"మీరీ పనిలో నాకంటే పెద్దవారు. ఒక్కసారి చూసి పెడతారా?" అన్నాడు. చేతిలో ఆయన స్క్రిప్టు ప్రింటు, పక్కన పెన్సిలు గీతలు. "జవాబైతే సరిపోయింది. కానీ నేను చేసిన మార్పుకీ దానికీ సంబంధం లేదండీ. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, లెక్క చెయ్యకుండా జవాబు రాస్తే మార్కులు వెయ్యనని. ఇప్పుడు నేనే అలాంటి జవాబుకి చప్పట్లు కొట్టించుకుంటున్నాను. నిద్ర పట్టడం లేదు."

"చూస్తాలెండి" అన్నాను.

"అమ్మాయి వెళ్ళిపోతోంది, అదే నా బాధ" అని వెళ్ళిపోయాడు. మా ఆవిడ గురించి పరాయివాడు అంత బాధపడుతుంటే ఆ బాధ మీద కూడా నాకు కుళ్ళే వచ్చింది. అది నేను పడాల్సిన బాధ.

మార్చి 5

ఇంట్లో ఆదివారాలు నేను వాడే పాత కీబోర్డు తీసి, మా ఆవిడ నన్ను కూర్చోబెట్టింది.

"ఏదైనా ఒక పేజీ చదవండి. టైప్ చేస్తాను. పోయిన మాటలు లెక్కపెట్టండి."

వాషింగ్ మిషన్‌తో వచ్చిన చిన్న పుస్తకం దొరికింది. చదివాను. కళ్ళు మూసుకుని టైప్ చేసింది. పెదవులు బిగించి, పరీక్ష రాస్తున్నట్టు. 'మూత తెరిచే ముందు నీరు పూర్తిగా పోయిందో లేదో చూసుకోవలెను' వరకూ వచ్చాక ఆపాను. పక్కపక్కన పెట్టుకుని రెండుసార్లు పోల్చి చూశాను.

"ఒక్కటీ పోలేదు" అన్నాను.

నా మొహంలోకి చూసింది. "జాలిపడి అబద్ధం చెప్తున్నారు."

"నిజంగా ఒక్కటీ లేదు. నువ్వే చూసుకో."

"నేను చూసుకుంటే నాకు కనపడవు. అదే కదా నా జబ్బు." కీబోర్డు మీద గుడ్డ కప్పింది. "పోనీలెండి. మీరైనా నా పక్కనున్నారు, అది చాలు."

అప్పుడు చెప్పేశాను. ఒక్క లైను గురించీ, పద్నాలుగో తేదీ గురించీ, అన్నీ. నించునే చెప్పాను.

ఆవిడ చివరిదాకా విని ఒక్కటే అడిగింది: "డాక్టరు పిన్నుతో గుచ్చుతున్నప్పుడు మీరు పక్కనే కూర్చున్నారుగా. అప్పటికి తెలుసా?"

"తెలుసు" అన్నాను.

మార్చి 6

మాటల్లేవు. ఎదుటి మనిషి నాలుగు రోజులు నోరు మూసుకుంటే ఎలా ఉంటుందో ఇన్నాళ్ళూ ఆవిడకి తెలుసు, ఇవాళ ఒక్క రోజుకే నాకు తెలిసింది.

మార్చి 7

ఇవాళ మేడమ్‌కి ఉత్తరం ఇవ్వకపోతే సోమవారం ఆ ఫారం అమలైపోతుంది. పొద్దున నుంచీ మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిసారి 'సాంకేతిక కారణాల వల్ల' అని వచ్చింది. రెండోసారి 'పొరపాటున' అని వచ్చింది. మూడోసారి మాస్టారి స్క్రిప్టులో రెండు సెకన్ల గడువెందుకని విమర్శ రాసి కొట్టేశాను.

మా ఆవిడ వెనక నుంచి చూసింది. రెండు రోజుల తరవాత మొదటి మాట మాట్లాడింది.

"లేవండి. మీరు చెప్పండి, నేను టైప్ చేస్తాను."

"నువ్వా?"

"నా పనే అది."

చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. నా మాట తడబడితే ఆ తడబాటు కూడా వేళ్ళలో పడుతోంది. మధ్యలో ఆపి, "ఆ 'కావాలని చేసింది కాదు' అన్నది తీసెయ్యి" అన్నాను.

"అన్న మాట తీసెయ్యడం మా దగ్గర లేదు" అంది. "'కాదు, కావాలనే చేశాను' అని మీరంటే దాన్ని కింద టైప్ చేస్తాను."

అన్నాను. కొట్టింది.

మాస్టారంటే నాకు ఓర్వలేనితనమనీ, ఆయన నూట నలభై లైన్లు చూసిన రోజు నుంచీ అన్నం సయించడం లేదనీ చెప్పాను. అది ఎవరికీ చెప్పకూడదనుకున్న మాట. ఆగకుండా వచ్చేసింది, ఆవిడా ఆగకుండా కొట్టేసింది. పేజీన్నర అయింది. చివర్లో నాకు ఒళ్ళు తేలికైంది కూడా. ఇంత నిజం నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నానేమో కూడా.

ప్రింటు తీసి ముందు తనే చదివింది. పెన్సిలుతో అక్కడక్కడా చిన్న గీతలు పెట్టుకుంటూ వెళ్ళింది.

"తప్పులున్నాయా?" అన్నాను.

"నా వేళ్ళలో తప్పేమీ లేదు. అది తేలిపోయింది" అంది. కాగితం నా వైపు తిప్పింది. "ఇందులో సర్దుబాటు ఉంది. కుదురు ఉంది. మాస్టారున్నారు, మేడమున్నారు, కుర్చీ కూడా ఉంది. 'ఆ సీటులో మాటలు పోయాయి', 'ఆ సీటుని డాక్టరుకి చూపించాం'. 'ఆ సీటు' అని పదకొండుసార్లుంది. నేనెక్కడున్నానండీ?"

పేజీన్నరా వెతికాను. లేదు. డాక్టరు దగ్గరికి కూడా సీటునే తీసుకెళ్ళాను.

ఆవిడ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కన పడేసింది. కొత్త పేజీ తెరిచి, వేళ్ళు కీబోర్డు మీద ఆనించి, కళ్ళు మూసుకుంది.

"మొదట్నుంచి చెప్పండి" అంది.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. మళ్ళీ 'ఆ సీటు' అనే వచ్చింది. ఆవిడ ఆగలేదు, అదే టైప్ చేసింది.